మూడు దెబ్బల నిబంధన

గుర్రానికి కొరడా దెబ్బ తగిలిందో లేదో నేను అరచేతితో చెప్పగలను. వెంట్రుకల వాలుకి ఎదురుగా, డొక్క మీంచి తొడ దాకా చెయ్యి నెమ్మదిగా నడిపిస్తే, వాత తేలిన చోట చర్మం కింద సన్నటి గట్టు ఒకటి తగులుతుంది. చెమట ఆరకముందు అది కంటికి కనపడదు, చేతికి మాత్రం వెంటనే దొరుకుతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. లెక్కలేనన్ని గుర్రాలను తడిమిన మీదట అబ్బింది. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి, చెప్పుకోదగ్గ విద్యే అది.

నేను పశువైద్యురాలిని. ఉద్యోగమంతా ఒక మహానగరంలోని రేసు కోర్సులో చేసి, రిటైరయ్యాక రాజమండ్రిలో స్థిరపడ్డాను. అక్కడ రేసు ముగియగానే గుర్రాలు నా ముందుకు వచ్చేవి. వాత దొరికితే రేసుల మీద తీర్పు చెప్పే పెద్దలకు చెప్పేదాన్ని. వాళ్ళు కూర్చుని ఆ రేసు వీడియో మళ్ళీ మళ్ళీ వేయించి చూసేవారు. జాకీ టోపీ చేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడేవాడు. కొట్టలేదు మేడమ్, ఊరికే ఊపాను అనేవాళ్ళు చాలామంది. ఊపితే వాత తేలదు నాయనా అనేదాన్ని. నా చేతిని కాదని నెగ్గిన జాకీ ఒక్కడూ లేడు.

కొరడా గురించి అక్కడ నిబంధనలు చాలా ఉండేవి. ఇన్ని దెబ్బలకు మించి కొట్టకూడదని ఒక అంకె. చెయ్యి భుజం దాటి లేవకూడదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య గుర్రానికి అందుకునే వ్యవధి ఇవ్వాలి. కొట్టినా ముందుకు రాని గుర్రాన్నీ, ఇక ఎలాగూ గెలవలేని గుర్రాన్నీ అసలు కొట్టకూడదు. జాకీలందరికీ అంకె మాత్రం కంఠతా వచ్చేది. మిగతావి నేను గుర్తుచేస్తే గుర్తొచ్చేవి. విచారణంటూ మొదలైతే అది తేలేదాకా ఫలితం ఖాయమయ్యేది కాదు, కప్పు చేతులు మారేది కాదు. ఎంతటి యజమాని అయినా నోరు మూసుకుని బయట బెంచీ మీద కూర్చోవలసిందే. ఆ కాసేపూ నాకు మహా తృప్తిగా ఉండేది.

ఇక మా అక్కావాళ్ళ గుర్రం సంగతి. అది మా రేసు కోర్సులోనే పరిగెత్తిన ఆడగుర్రం. మంచి జాతి, సన్నటి కాళ్ళు, తేనె రంగు. మూడు వంతుల దూరం గాలిలా పోయేది. చివర్లో జాకీ కొరడా తీయగానే చెవులు వెనక్కి అతికించుకుని, తోక విసురుతూ, వేగం తగ్గించేసేది. దెబ్బ పడేకొద్దీ ఇంకా మొండికేసేది. పొగరుబోతని ముద్ర వేసి దాన్ని వదిలించుకోబోతుంటే, నేను మా బావగారికి ఫోన్ చేశాను. కొట్టనంత కాలం ఇది బంగారం, కొడితే రాయి అని అప్పుడే చెప్పాను. ఆయన కొనేశారు.

మా బావగారిది రావులపాలెం దగ్గర పల్లెటూరు, అరటి తోటలు. వాళ్ళ ఊళ్ళో షష్ఠి తీర్థానికి, అంటే తిరనాళ్ళకి, గుర్రప్పందేలు జరుగుతాయి. ఏటిగట్టు దిగువన లంకలోకి పోయే మట్టిబాట మీద, చివర రెండు అరటి బోదెలు పాతి, వాటి మధ్య తాడు కడతారు. ఆ తాడు ముందుగా దాటడం మా బావగారి జీవితాశయం. ఆయనకి అడ్డు భీమవరం వైపు నుంచి వచ్చే ఒక రొయ్యల చెరువుల ఆసామి. ఏటేటా ఆయన గుర్రమే గెలిచేది. గెలిచాక ఆయన మా బావగారి పక్కనే కూర్చుని కొబ్బరి బొండం తాగేవాడు, అదీ బాధ.

కొత్త గుర్రం మీద మా అక్క కొడుకే ఎక్కేవాడు. చేపల మేత, రొయ్యల మేత అమ్మే దుకాణం నడిపే మనిషి, పెళ్ళీడు వచ్చినా గుర్రప్పిచ్చి వదల్లేదు. కొరడా లేకుండా, నోటితో అదిలిస్తూ నడిపేవాడు. మొదటి ఏడు మూడోది, రెండో ఏడు రెండోది వచ్చింది. అక్క దానికి రేసుల వాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేరు నోరు తిరగక 'పిల్లా' అనే పిలిచేది. ఉలవలు నానబోసేది ఆవిడే. మగ్గిపోయి అమ్ముడుపోని చక్రకేళీలన్నీ దాని నోట్లోకే పోయేవి. బావగారు దాని గురించి మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఖర్చు గురించే మాట్లాడేవారు. రోజూ పొద్దున్నే మాత్రం తోటకు వెళ్ళే దారి మార్చుకుని పాక పక్క నుంచే వెళ్ళేవారు.

మూడో ఏడు తీర్థానికి ముందు కాఫీ హోటల్ అరుగు మీద ఎవరో ఆయన్ని ఆటపట్టించారు. మీ గుర్రం రెండో పెళ్ళికొడుకు లాగా ఇక ఎప్పటికీ రెండోదేనా అన్నారట. ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. ఈసారి మొదటిది రాకపోతే తణుకులో పెళ్ళి ఊరేగింపులు చేయించే బ్యాండు మేళం ఆయనకి దాన్ని ఇచ్చేస్తాను అనేశారు. ఆ బ్యాండాయన ఎప్పటి నుంచో ఆ గుర్రం అడుగుతున్నాడు, అక్కడే కూర్చుని ఉన్నాడు కూడా. మా బావగారికి మాటంటే మాటే. కూతురి పెళ్ళి ముహూర్తమైనా మార్చుకుంటారు గానీ నలుగురిలో అన్న మాట మార్చుకోరు.

అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది. దీపావళి నాడు టపాకాయల చప్పుడికే అది పాక తడిక విరగ్గొట్టుకుని తోటలో పడిన మనిషి... మనిషి అన్నాను, అక్క మాటే నాకూ అలవాటైంది. రోజూ నెత్తి మీద బాణాసంచా, పక్కన డీజే, మీద పెళ్ళికొడుకు. ఒక్క సీజను కూడా బతకదే అంది అక్క. నేను డాక్టరుని కాబట్టి సర్దిచెప్పబోయాను గానీ, డాక్టరుని కాబట్టే ఆవిడ చెప్పింది నిజమని తెలుసు. గెలుస్తుందిలే, వాడు కొట్టకుండా ఉంటే చాలు అన్నాను.

సరిగ్గా అప్పుడే ఆ ఊరి తీర్థం కమిటీ వాళ్ళు మా ఇంటికి వచ్చారు. ఈసారి అనుమతి కావాలంటే జంతువులను హింసించకుండా నిబంధనలు పెట్టి, ఒక పశువైద్యుణ్ణి పర్యవేక్షణకు పెట్టుకోమని అధికారులు చెప్పారట. మీకన్నా తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారండి అన్నారు. ఎవరూ లేరని ఒప్పుకున్నాను. రేసు కోర్సు నిబంధనలన్నీ తెలుగులో రాసి ఇచ్చాను. అధ్యక్షులవారు అంతా చదివి, ఇదంతా జనానికి ఎక్కదండి, ఒక అంకె చెప్పండి అన్నారు. మూడు అన్నాను. మూడు దెబ్బలకు మించితే గుర్రం పందెంలో లేనట్టే. అందరూ తలలూపారు. నాకూ ముచ్చటగానే అనిపించింది.

షష్ఠి నాడు అధ్యక్షులవారింట్లో భోజనం. పనసపొట్టు కూర, పులిహోర, వంకాయ కారం పెట్టినది, నెయ్యి పోసిన బూరెలు. నేను రెండో బూరె వదిలేయబోతే వడ్డించే ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆకులో వదిలేస్తే మాకు చిన్నతనం కదండి అంది. మా గోదావరి జిల్లాల్లో అంతే, విస్తట్లో పడినది కడుపులోకి పోవలసిందే. వద్దనడం తినేవాడి హక్కు కాదు. ఆయాసపడుతూ తిన్నాను. ఆ బూరె నాకేదో చెబుతోందని అప్పుడు తట్టలేదు.

గట్టు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. మైకులో నా నిబంధన చదివారు. ప్రతి గుర్రానికీ మూడు దెబ్బలు మంజూరు చేయడమైనది అని చదివారు. నేను రాసింది అది కాదు గానీ, మైకు దగ్గర వాదులాటకి నేనెక్కడ దిగను అని ఊరుకున్నాను. బయల్దేరే చోటికి వెళ్ళి చూస్తే ప్రతివాడి చేతిలోనూ కొత్త కొరడా ఉంది. ఎప్పుడూ కొరడా ముట్టనివాళ్ళ చేతిలోనూ ఉంది. మావాడి నడుముకీ ఒకటి వేలాడుతోంది. ఇదేంట్రా అన్నాను.

"ఊరికే ఉంచుకున్నాను పిన్నీ. అందరికీ ఉంది కదా."

తియ్యకు అన్నాను. తియ్యను అన్నాడు. వాడి కళ్ళలో అబద్ధం లేదు, ఇప్పటికీ ఆ మాట అంటాను.

నేను తాడు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. దుమ్ములోంచి ముందుగా మా తేనె రంగే కనపడింది. రొయ్యల ఆసామి గుర్రం ఒక బారెడు వెనక ఉంది. అక్క గట్టు మీద ఆడవాళ్ళ మధ్య చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. బావగారు కండువా మెలిపెడుతున్నారు. ఇంక అరటి బోదెలు దగ్గర పడుతుండగా, జనంలోంచి కేకలు మొదలయ్యాయి. మిగతా గుర్రాల మీద పడే దెబ్బల్ని వాళ్ళు పాట పాడినట్టు లెక్కపెడుతున్నారు. మావాడు ఒక్కటీ వేయలేదని ఎవరో కనిపెట్టారు.

"నీయి మూడూ అలాగే ఉన్నాయిరా! వదిలేస్తావేంటి?"

అంతే, ఆ మాట గట్టంతా పాకింది. మావాళ్ళే, మా వైపు చుట్టాలే, మూడూ ఉన్నాయి, మూడూ ఉన్నాయి అని అరిచారు. వాడి చెయ్యి నడుము మీదికి పోయింది. మొదటి దెబ్బకి చెవులు వెనక్కి అతుక్కున్నాయి. రెండో దెబ్బకి తోక విసిరింది. మూడోదానికి నడక స్థాయికి వచ్చేసింది. పక్కనుంచి ఒక్కొక్కటే దాటిపోయాయి.

వరసగా గుర్రాలను తడమడం మొదలుపెట్టాను. నా జన్మలో అలాంటి క్రమశిక్షణ చూడలేదు. ప్రతి గుర్రానికీ మూడు వాతలు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. అందరికన్నా వెనక, జనం సగం లేచిపోయాక వచ్చిన ముసలి గుర్రానికి కూడా మూడే. దాని రౌతు మండపేట వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. నీ ముందు గుర్రాలన్నీ ఎప్పుడో పోయాయి కదయ్యా, తాడు దగ్గరికొచ్చి ఎందుకు కొట్టావు అని అడిగాను.

"ఒకటి మిగిలిపోయిందండి. కమిటీవారు ఇచ్చింది వదిలేస్తే బాగోదు కదండి."

మర్యాదగానే చెప్పాడు, చేతులు కట్టుకుని. అప్పుడు నాకు విస్తట్లోని రెండో బూరె గుర్తొచ్చింది. పరిమితి అంటే మావాళ్ళు వాటా అనుకున్నారు. ఇంతకాలం ఒక్క దెబ్బా తినని గుర్రాలకు కూడా నా అంకె పుణ్యమా అని తలా మూడు పడ్డాయి. కొండ నాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపు నవ్వాను కూడా. చివరికి మా గుర్రం దగ్గరికి వచ్చి చెయ్యి వేశాక నవ్వు పోయింది. అది నా చేతి కింద వణుకుతోంది. వాతలు వేలి లావున ఉన్నాయి.

మూడు దాటలేదు పిన్నీ అన్నాడు వాడు. నేరుగా కమిటీ పందిట్లోకి వెళ్ళి, మా అక్క కొడుకు మీద నేనే ఫిర్యాదు చేశాను. అధ్యక్షులవారు అయోమయంగా చూశారు. మూడే కదండి, అంకె దాటలేదు కదండి అన్నారు. నేను రాసిచ్చిన నిబంధనల్లో అంకె ఒకటే లేదు, కొట్టినా ముందుకు రాని గుర్రాన్ని మళ్ళీ కొట్టకూడదని కూడా ఉంది, మొదటి దెబ్బకే అది రానని చెప్పింది, విచారణ జరపాలి అన్నాను. ఓడిపోయిన గుర్రానికి విచారణేంటని ఒకరిద్దరు మూతులు ముడిచారు గానీ, పర్యవేక్షకులు మీరే కాబట్టి మీ ఇష్టం అన్నారు. ఆ మాటే నాకు కావలసింది. అప్పటికి నాకేమీ ఆలోచన లేదు, కోపం తప్ప.

ఎండ వాలకముందే బ్యాండాయన మినీ లారీ వేసుకుని అక్కావాళ్ళ వాకిట్లోకి వచ్చేశాడు. గడ్డి పరుపు, కొత్త మోకు, మెడకి కట్టడానికి పూసల దండ కూడా తెచ్చాడు. చెడ్డవాడు కాదు పాపం, జీవాలకు తిండి బాగానే పెడతాడని పేరు. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. లోపల గిన్నెల చప్పుడు మాత్రం వినబడుతోంది. రేపటికి దాని ఉలవలు నానబోస్తోంది, లారీ వాకిట్లో ఉండగానే. నాకు అది చాలా కష్టంగా అనిపించింది.

బావగారు పగ్గం పట్టుకుని గుర్రాన్ని పాకలోంచి తెచ్చారు. దాని ముఖం చూడటం లేదు. కొడుకు అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి, బావగారూ చెయ్యి ఒకసారి ఇటివ్వండి అన్నాను. ఎన్నేళ్ళ చుట్టరికమైనా నేను ఆయన చెయ్యి పట్టుకున్నది లేదు. ఆ అరటి గెలలు మోసి కాయలు కాసిన అరచేతిని తీసుకుని, డొక్క మీంచి తొడ దాకా, వెంట్రుకల వాలుకి ఎదురుగా నడిపించాను. మొదటి వాత దగ్గర ఆయన వేళ్ళు ఆగాయి. రెండోదానికి నేను చెయ్యి వదిలేశాను. మూడోది ఆయనే వెతుక్కున్నారు.

చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచారు. తర్వాత కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"నలుగురిలో మాటిచ్చేనమ్మా" అన్నారు, నాకు మాత్రమే వినబడేలా.

ఆయన కావాలంటున్నదేమిటో అప్పుడు నాకు అర్థమైంది. మాట తప్పమని ఈ మనిషికి చెప్పి లాభం లేదు, తప్పలేరు. ఇవ్వలేకపోయే దారి ఒకటి చూపించాలి. నేను బ్యాండాయన వైపు తిరిగి, రేసు కోర్సులో వాడే గొంతు తీశాను.

"ఈ గుర్రం విచారణలో ఉందండి. విచారణ తేలేదాకా చేతులు మారడానికి వీల్లేదు."

నిజానికి అక్కడ ఆ నిబంధన గెలిచిన కప్పుకే గానీ గుర్రానికి లేదు. కానీ ఈ ఊరికి నిబంధనలు రాసింది నేను, పర్యవేక్షకురాలిని నేను, ఫిర్యాదు చేసింది కూడా నేనే. కాదనేవాడు ఎవడు? ఎన్నాళ్ళు పడుతుందండి అని అడిగాడు బ్యాండాయన. చెప్పలేనండి, గట్టు మీద అరిచినవాళ్ళందరినీ విచారించాలి, ఊరు ఊరంతా సాక్షులే అన్నాను. ఆయన బావగారి వైపు చూశాడు. బావగారు నా వైపు చూశారు. ఆ చూపులో ఎంత ఆశ ఉందంటే, నేను కళ్ళు దించుకోవలసి వచ్చింది.

"నేనిచ్చేసేవాణ్ణేనండి" అన్నారు బావగారు బ్యాండాయనతో. "కానీ రూలు అంటున్నారు కదండి. రూలు దాటి మనం వెళ్ళకూడదు కదండి."

ఆయ్, నిజమేనండి అన్నాడు బ్యాండాయన. అక్క బయటికి వచ్చి అందరికీ కాఫీ ఇచ్చింది. ఆయనకి ఒక గెల చక్రకేళీలు కూడా లారీలో పెట్టించింది. గుర్రం తనంతట తనే పాకలోకి నడిచింది.

అక్క కొడుక్కి శిక్ష అక్కడే వేశాను. విచారణ తేలేదాకా రోజూ పొద్దున్నే దుకాణం తెరవకముందు దాని ఒళ్ళంతా ఒట్టి అరచేతితో నిమరాలి. మొదట్లో అది వాడిని చూస్తే చెవులు వెనక్కి పెట్టేది. వాడు మానలేదు. ఎండాకాలం వచ్చేసరికి వాడు పాక దగ్గరికి రాగానే డొక్క తనే అందించడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడు నిబంధనల్లోంచి అంకె తీసిపారేశాను. కొరడాలే లేవు. పందెం అయ్యాక ప్రతి యజమానీ అందరి ముందూ తన గుర్రం డొక్క మీద చెయ్యి నడిపించి చూపించాకే బహుమతి. రొయ్యల ఆసామి కాస్త సణిగాడు గానీ, గెలిచాక అందరికన్నా ముందు చెయ్యి వేసింది ఆయనే. మా గుర్రం మళ్ళీ రెండోది వచ్చింది. ఎవరో ఆటపట్టించబోతే బావగారు, విచారణలో ఉన్న గుర్రం ఫలితం లెక్కలోకి రాదండి అని కొబ్బరి బొండం అందుకున్నారు.

మొన్న మళ్ళీ ఫోన్ చేశారు. ఇంట్లో నన్ను అమ్మాయీ అంటారు. డాక్టరు గారూ అన్నారంటే పక్కన ఎవరో ఉన్నట్టు. వెనక నుంచి బ్యాండాయన గొంతు వినిపించింది, పెళ్ళిళ్ళ సీజను కదా.

"డాక్టరు గారూ, మన విచారణ ఎంతవరకు వచ్చిందండి?"

ఇంకా సాక్షుల దగ్గరే ఉందండి బావగారూ అన్నాను. పాకలోనే ఉన్నారు కాబోలు, గుర్రం ఉలవలు నమిలే చప్పుడు ఫోనులో నాకు స్పష్టంగా వినబడుతోంది.

"తొందరేం లేదండి" అన్నారు మా బావగారు. "మీరు పద్ధతి ప్రకారమే కానివ్వండి."